ఎక్స్‌పైర్‌కి పుట్టిల్లెక్కడ?

ఎవరి నోట ఇంగ్లీషు క్రియాపదం వచ్చినా, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే మా మావయ్య వాళ్ళను గడప దాటనిచ్చేవాడు కాదు. ఆయనది మందుల షాపు. కడుపునొప్పితో వచ్చినవాళ్ళు తలనొప్పితో వెళ్ళేవారు.

అన్నిట్లోకీ 'ఎక్స్‌పైర్' అంటే మరీ పిచ్చి.

"ఈ బిళ్ళలు ఎక్స్‌పైర్ అయ్యాయేమో చూడండి" అన్నాడొక పెద్దమనిషి, పాపం.

"ఎలా అవుతాయండీ? ఎక్స్‌పైర్ అంటే లాటిన్‌లో ఊపిరి బయటికి వదలడం. బిళ్ళకు ముక్కుందా? ఇది మనుషుల మాట, మందులకు తర్వాత అంటగట్టారు. ఇన్‌స్పైర్ అంటే ఊపిరి ఊదడం. పర్‌స్పైర్ అంటే చెమట పట్టడం..."

"నాకు పడుతోందండీ" అంటూ ఆయన ఎదురు షాపుకి పారిపోయాడు.

"మీ నోటికి ఎక్స్‌పైరీ లేదా?" అని అత్తయ్య విసుక్కుంటే, "అది క్రియ కాదే, నామవాచకం" అనేవాడు.

ఇంతలో నాన్న ఆస్పత్రి పాలయ్యాడు. డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. ఆ వార్డులో ఓ దిక్కుమాలిన పద్ధతి ఉండేది. ఎవరైనా పోతే తలుపు దగ్గర నిలబడి కేకేసి చెప్పేవారు. పక్క బెంచీ ఆవిడ ఆ కేక విని ఉన్నచోటే కుప్పకూలింది. అమ్మ వణికిపోయింది. "నేను అలా వినలేనన్నయ్యా" అంది. మావయ్య లేచి వెళ్ళి ఆ తలుపుకి దగ్గరగా కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ వరండా చివర కుళాయి దగ్గర గ్లాసు కడుగుతోంది. తలుపు తెరుచుకుంది.

"ఎనిమిదో బెడ్ వాళ్ళెవరు? పేషెంటు ఎక్స్‌పైర్..."

ఎనిమిది నాన్న బెడ్. మావయ్య మాత్రం ఎగిరి నర్సు ముందు వాలాడు.

"ఎక్స్‌పైరా! ఆ మాటకి పుట్టిల్లెక్కడో తెలుసా సిస్టర్? దానికి అన్నదమ్ములున్నారు. కాన్‌స్పైర్ ఉంది చూశావూ, కలిసి ఊపిరి పీల్చడం, అంటే కుట్ర!"

నాన్న పోతే ఈయనకు పాఠమా! గొంతు పిసికేయాలనిపించింది. అంతలో అమ్మ గ్లాసు తుడుచుకుంటూ వచ్చింది.

"సిస్టర్‌ని కూడా వదల్లేదా మీ మావయ్య?" అని చిన్నగా నవ్వింది.

అప్పుడు చూశాను మావయ్య చేతుల్ని. అంత గోల చేస్తూనే నర్సుకి దణ్ణం పెడుతున్నాడు. ఆ అమ్మాయి ఆయన్ని చూసింది, అమ్మని చూసింది. "ఇంకా చెప్పండి సార్" అంటూ ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు మూసింది.

తలుపు అద్దంలోంచి కనబడుతూనే ఉంది. ఆమె గొట్టాలు తీస్తోంది. మావయ్య నాన్న తల దువ్వుతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, అమ్మకి కనబడకుండా అటు తిరిగి నిలబడ్డాను.

మావయ్య బయటికొచ్చి బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మలూ, బావ వెళ్ళిపోయాడు. పద, ఆయన దగ్గర కూర్చుందువుగాని. నేనున్నాను." ఆ మాటకి మాత్రం వ్యుత్పత్తి చెప్పలేదు.

సాయంత్రం బండి ఎక్కబోతుంటే అమ్మ అడిగింది, "ఆ పిల్లతో ఏంటన్నయ్యా అంత గొడవ?"

మావయ్య తల దించుకున్నాడు. సాగనంపడానికి వచ్చిన నర్సు అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"మీకోసం మేమిద్దరం కాన్‌స్పైర్ అయ్యామమ్మా."

మావయ్య కళ్ళు తుడుచుకుంటూనే వేలెత్తాడు. "అవ్వడం కాదు తల్లీ, చెయ్యడం."

ఏడుస్తూ ఏడుస్తూనే అమ్మ ఫక్కుమంది.