కంప్యూటరును ‘మీరు’ అనే మనిషి

టోర్లైవ్ యంత్రాన్ని కావాలనే చెడగొడుతున్నాడని నార్వేలో ఎప్పుడూ వాన కురిసే బెర్గెన్ ఊళ్లోని ఆ ప్రజారోగ్య సంస్థ మూడో అంతస్తులో పుకారు. పుట్టించింది కంప్యూటర్లు బాగుచేసే ఐవిండ్. శుక్రవారం అందరూ వాఫిల్ అట్ల పెనం చుట్టూ మూగినప్పుడల్లా ఆ పుకారుకు ఇంకాస్త జామ్ చేరేది.

"ముసలాయన రిటైరవడానికి రెండేళ్లుంది. యంత్రం పని నేర్చేసుకుంటే కుర్చీ పోతుందని భయం. అందుకే పొద్దస్తమానం దాని చెవిలో తప్పుడు పాఠాలు ఊదుతున్నాడు" అనేవాడు ఐవిండ్.

ఊదడం మాత్రం నిజమే. డైరెక్టరును కూడా అందరూ నువ్వు అనే ఆ ఆఫీసులో టోర్లైవ్ కంప్యూటరును ‘మీరు’ అనేవాడు. ఎనిమిదింటికి తడిసిన టోపీ తీసి, దానికి తల వంచి, "నమస్కారమండీ, నిద్ర పట్టిందా?" అని గట్టిగా అడిగేవాడు.

"దానికి అంత మర్యాదెందుకు?" అని ఐవిండ్ ఒకసారి అడిగాడు.

"‘నువ్వు’ అని పిలుచుకునేంత చనువు మా మధ్య ఇంకా రాలేదు" అన్నాడు టోర్లైవ్.

ఆ యంత్రం పని, వేలకొద్దీ పరిశోధన వ్యాసాలు చదివి, టీకాలవి ఒకచోట, పొగతాగడానివి ఒకచోట సర్దిపెట్టడం. సర్దినదాన్ని దిద్దే పని టోర్లైవ్‌దీ, ఆయనకు ఎదురుబల్ల దగ్గర కూర్చునే సున్నివాదీ. సున్నివా పదిహేడో ఏట బడి మానేసింది. ఎవరైనా ఏదైనా నేర్పబోతే, "వద్దులే, నాకు అర్థం కాదు" అని ముఖం ఎర్రగా చేసుకుని లేచిపోయేది. టోర్లైవ్ కూడా మొదటివారంలో ఒకసారి ప్రయత్నించి ఊరుకున్నాడు. ఆమె ఉద్యోగం జూన్ ఆఖరుదాకానే. ఆ తర్వాత యంత్రం ఒక్కటే చాలనుకుంటే అంతే సంగతులు.

టోర్లైవ్ సంభాషణలు వినక తప్పేది కాదు ఆమెకు. ఇద్దరి మధ్యా ఉన్నది ఆ కంప్యూటరు తెర ఒక్కటే.

"అయ్యా, తమరు ఈ వ్యాసాన్ని వడదెబ్బల్లో పెట్టారు. బెర్గెన్‌లో వడదెబ్బా? ఎవరికండీ?"

సున్నివా నవ్వు ఆపుకోవడానికి రొట్టెముక్క నోట్లో కుక్కుకునేది.

ఇంకో రోజు, "మన్నించండి, తమరికి ఈ రెండు రకాల పరిశోధనలకీ తేడా తెలిసినట్టు లేదు. సాయంత్రం తడిసి ఇంటికొచ్చినవాళ్లనీ, తడవనివాళ్లనీ నిలబెట్టి ‘పొద్దున గొడుగు తీసుకెళ్లారా?’ అని అడగడం ఒక రకం. గొడుగున్నవాళ్లనీ లేనివాళ్లనీ పొద్దున్నే రాసుకుని, సాయంత్రందాకా వెంటపడి ఎవరు తడిశారో చూడటం రెండో రకం. అర్థమైందాండీ? లేకపోతే మళ్లీ చెబుతాను."

మళ్లీ చెప్పేవాడు కూడా. ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా.

జూన్‌లో ఒక గురువారం సున్నివా తెరమీద ఏదో చూసి ఆగిపోయింది. "టోర్లైవ్... విషాల పెట్టెలో పెళ్లయినవాళ్లున్నారు."

"ఎంతమంది?"

"నలభై ఒక్క వ్యాసాలు. ‘గిఫ్ట్’ అన్న మాట కనబడితే చాలు, విషమని తోసేసింది. పెళ్లయిన ఆడవాళ్లకు వచ్చిన క్షయ కూడా అక్కడే ఉంది."

నార్వే భాషలో పెళ్లయిందనడానికీ విషానికీ మాట ఒక్కటే మరి. టోర్లైవ్ కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత కంప్యూటరు వైపు వంగి, "తమరికి పెళ్లయిందని చెప్పనేలేదే!" అన్నాడు.

మర్నాడు సమావేశంలో విభాగం పెద్ద ఆగ్నెటె సూటిగా అడిగింది. "జూలై నుంచి దిద్దడానికి మనిషి కావాలా? యంత్రమే సర్దుకోదా? టోర్లైవ్, చెప్పు."

"నా గొంతు పోయింది. వారమంతా వాగాను కదా. సున్నివానే అడుగు" అన్నాడాయన, ఖణేల్‌మనే గొంతుతో.

సున్నివా ముఖం వాఫిల్ మీది జామ్ రంగుకు తిరిగింది. అయినా లేచి నిలబడింది. విషమైపోయిన పెళ్లిళ్ల గురించి చెప్పింది. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో ధైర్యం వచ్చి, రెండు రకాల పరిశోధనలనూ యంత్రం ఎక్కడెక్కడ కలిపేసిందో గొడుగులతో సహా విడమరిచి చెప్పింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాసుకున్నారు.

"ఇదంతా ఎక్కడ చదివావు?" అంది ఆగ్నెటె.

"చదవలేదు. టోర్లైవ్ యంత్రానికి చెబుతుంటే విన్నాను."

"అది నేర్చుకోలేదుగానీ నువ్వు నేర్చుకున్నావన్నమాట. అయితే జూన్ తర్వాత కూడా నువ్వుండు."

"చూశారా! నెలల తరబడి చెప్పినా యంత్రం బాగుపడలేదంటే తప్పు పాఠాలే చెప్పాడు. దాన్ని ఇప్పుడే విప్పి చూస్తా!" అని ఐవిండ్ లేచాడు.

అన్నట్టే వెళ్లి, టోర్లైవ్ కంప్యూటరున్న బల్ల కిందికి దూరాడు. తీగలు లాగాడు, తెర వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. చివరికి దుమ్ము కొట్టుకుపోయిన మోకాళ్లతో బయటికొచ్చి, ముసలాయన వైపూ, సున్నివా వైపూ మార్చి మార్చి చూశాడు.

టోర్లైవ్ తాపీగా వాఫిల్ తింటున్నాడు.

ఆ కంప్యూటరుకు మైకు లేదు.