సారు ఎగ్గొట్టనివ్వని స్టెప్పు

మా రెండో అంతస్తులో ఉండే లెక్కల సారు మంగళవారం పొద్దున పోయారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూసేటప్పటికి నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. అందరిలాగే దండం బొమ్మ ఒకటి పెట్టి మళ్లీ స్క్రీన్ వైపు తిరిగాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ సరిగ్గా అనిపించడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన సర్కారు బళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పుప్పాలగూడలో మా బిల్డింగుకు వచ్చాక తలుపు పక్కన చిన్న తెల్ల బోర్డు తగిలించి, రోజూ ఒక లెక్క రాసేవారు. పిల్లలు లిఫ్ట్ వచ్చేలోపు తలా ఒక స్టెప్పు వేసి పోవాలి. ఒక్కరే మొత్తం చేసేస్తే తుడిచేసేవారు. "ఇంకొకరికి ఉంచాలె గద" అనేవారు.

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఆయన దగ్గరే ట్యూషన్. లాగరిథమ్ లెక్కల్లో, లాగ్ లోపల వర్గమూలం వస్తే సారు ముందు ఆ రూట్ గుర్తు తీయించి, అంకె తల మీద అర అని ఘాతం వేయించేవారు. ఆ అర లాగ్ ముందుకు దిగేది తర్వాతి స్టెప్పులోనే. నాకది నసగా ఉండేది. రూట్ కనిపిస్తే అర తెచ్చి ముందు పెట్టేయమని అమ్మాయికి నేర్పాను.

ఒకరోజు బోర్డు మీద లాగ్ (5√2) ఉంది. ఆఫీసుకు వెళ్తూ ఆగి, ½ లాగ్ 10, లాగ్ 10 ఒకటే కాబట్టి అర అని రాసేశాను. అంత నున్నగా వచ్చిన జవాబు తప్పెలా అవుతుంది? సారు బయటికొచ్చి చూసి నాతో అన్నారు.

"ఆ అర రెండుది సార్. రూట్ కింద ఉన్నది అదొక్కటే. ఐదుకెందుకు పెట్టిన్రు?"

పక్కనే పిల్లలున్నారు, మా అమ్మాయీ ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మీకు టైముంది, మాకు లేదండి" అనేసి లిఫ్ట్ ఎక్కాను.

ఆ నెలలోనే అమ్మాయిని మాన్పించి, కొత్తగూడలో కోచింగులో చేర్పించాను. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా సారు పాప మంచిగ చదువుతున్నదా అని మాత్రమే అడిగేవారు. మొన్న పరీక్షలో అమ్మాయి సరిగ్గా నా తప్పే చేసింది. ఆ పేపరు పట్టుకుని వెళ్లి సారును క్షమించమని అడగాలనుకున్నాను. ఆదివారం వెళ్దామనుకున్నాను. రెండు ఆదివారాలు గడిచిపోయాయి.

ఆయన్ను తీసుకెళ్లాక వరండా ఖాళీ అయింది. బోర్డు మీద ఆయన రాతలోనే సోమవారం లెక్క ఉంది: లాగ్ (3√7). ఎవరూ ముట్టుకోలేదు. దారానికి వేలాడుతున్న మార్కర్ అందుకుని, లాగ్ 3 + లాగ్ √7 అని విడదీసి రాశాను. రెండో లాగ్‌లో రూట్ గుర్తు తీసేసి, ఏడు తల మీద చిన్నగా అర వేశాను. కళ్లు పొడిగానే ఉన్నాయి.

తర్వాతి స్టెప్పు నాకు తెలుసు. దాన్ని ఇంకొకరికి ఉంచి, మార్కర్‌కు మూత పెట్టాను.