మిట్టమధ్యాహ్నం నిట్టూర్చే బండి

ఆ రోజుల్లో ఇంట్లో ఏ వస్తువూ ఊరికే చచ్చేది కాదు. చీర చిరిగితే పేలిక, పేలిక చిరిగితే దీపానికి వత్తి, వత్తి కాలితే ఆ మసి పిల్లల కళ్లకు కాటుక. ఇప్పుడు మా మనవరాళ్లు మూత పోయిందని పిండి డబ్బానే పారేస్తుంటే నేను ఏరి తెచ్చి కడిగి పెట్టుకుంటాను. వాళ్లు నన్ను పిసినారి అంటారు. అననీ. నేను చదివింది మూడో తరగతి. రేషన్ కార్డు మీద ఎన్ని లీటర్ల కిరసనాయిలు రాశారో చదవడానికి ఆ చదువు చాలింది. దయ్యాలను మాత్రం నేను నమ్మేదాన్ని కాదు. ధైర్యం ఉండి కాదు, దయ్యానికి భయపడితే రాత్రంతా దీపం వెలిగించుకోవాలి, అంత నూనె ఎవరిస్తారు? అలాంటి నేను ఇరవై ఏళ్ల వయసులో, పట్టపగలు, ఒక చేతిలో ఖాళీ డబ్బా, ఇంకో చేతిలో గరిటె పట్టుకుని గజగజ వణికిన సంగతి ఇది.

మాది నంద్యాల. డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇంటికి కోడలిగా వచ్చాను. వాకిట్లో పందిరి కింద మా మామ, మా ఆయన (ఆయన పేరు నేను ఇప్పటికీ పలకను, రాయను) ఉలి పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ పనిలో కళ్లు చిట్టచివర. ముక్కు, నోరు, నవ్వు అన్నీ వచ్చేసినా, గుళ్లో నిలబెట్టే రోజునే కళ్లు తెరుస్తారు. ఆ తొలిచూపు మనిషి మీద పడకూడదని ఎదురుగా అద్దం పెడతారు. అందుకని మా వాకిట్లో ఎప్పుడూ ఏడెనిమిది ముఖాలు కళ్లు లేకుండా నవ్వుతూ ఉండేవి. నేను బియ్యం చెరుగుతుంటే అవి నా చేతుల వైపే చూస్తున్నట్టుండేది. కళ్లు లేనివి ఎలా చూస్తాయని అడక్కండి. నూక ఎక్కువ పోతోందని లెక్కపెడతాయేమోనని నేను మాత్రం చేట కాస్త పక్కకు తిప్పుకునేదాన్ని.

ఇంటి వెనక రేకుల కొట్టంలో గోనెపట్టాల కింద ఒక పాత మోటారు సైకిలు ఉండేది. అది మా ఆయనకు అన్న, నాకు పెద్దబావ నడిపింది. ఆయనను నేను చూడలేదు. నా పెళ్లికి మూడేళ్ల ముందే విషజ్వరంతో పోయాడు. ఉన్నన్నాళ్లూ ఆ బండి మీద ఊళ్లు తిరిగి విగ్రహాలకు బేరాలు తెచ్చేవాడట, ఎక్కడికి పోయినా మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరేవాడట. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజే, ఎండ నడినెత్తికి రాగానే, కొట్టంలోంచి 'డుబుక్' మని ఒక చప్పుడు, ఆ వెంటనే 'ఉస్స్…' మని ఒక నిట్టూర్పు వినిపించింది. మనిషి బండి దిగి, అలసిపోయి ఊపిరి వదిలినట్టు. అత్త ముఖం తేటపడింది. "వచ్చినాడు. అన్నం పెట్టు మే," అంది. అది వినపడేదాకా ఆమె ముద్ద ముట్టదు. మబ్బు పట్టిన రోజు ఆ చప్పుడు ఉండేది కాదు. "వానొచ్చి శిరివెళ్లకాడ ఆగిపోయింటాడులే," అని ఆ పూట గుక్కెడు మజ్జిగతో సరిపెట్టేది.

మామకు ఇది గిట్టేది కాదు. ఒకరోజు వాకిట్లోనే తేల్చేశాడు.

"చచ్చినోని బండికి మనం కావిలి ఏందిరా? పాతినుమోనికి ఏసెయ్."

"నేను బాగు చేస్తా నాయనా," అన్నాడు మా ఆయన.

"మెడకాడ ఇరిగుండాది. ఇరిగిన విగ్రహాన్ని అతికిచ్చి పూజ చేస్తారంట్రా యాడన్నా?"

"ఇది విగ్రహం కాదు గదా, ఇనుము."

మామ ఉలి కింద పెట్టాడు. "సరే. ఆయుధపూజ నాటికి అది పలకాల. పలకలేదా, మర్నాడే తూకానికి పోతాది."

అత్త మామకు ఎదురు చెప్పలేదు. వంటింట్లోకి వచ్చి నన్ను మాత్రం అడిగింది, "అది పోతే వాడు యాడికి రావాల మే?" ఆ పూట ఆమె కంచం కడగాల్సిన అవసరం నాకు రాలేదు.

వేసవి మొదట్లో పని మొదలైంది. వద్దన్న మామే మొదటి రోజు వచ్చి, బండి ముందు దీపాన్ని విప్పి, గుడ్డలో చుట్టి తన ఉలుల పెట్టెలో పెట్టుకున్నాడు. "పని జరిగేటప్పుడు కన్నుండగూడదు," అన్నాడు. దాంతో ఆ బండికి ముఖం స్థానంలో గుండ్రటి నల్లటి బొక్క మిగిలింది. ఇక మా ఆయన సంగతి. రాతి పనిలో తీయడమే ఉంటుంది, తీసింది తిరిగి పెట్టడమనేది ఉండదు. ఇంజనును కూడా ఆయన అలాగే విప్పాడు, లోపల ఏదో దేవుడు దాగి ఉన్నట్టు, అనవసరమైనదంతా తీసేస్తే బయటపడతాడన్నట్టు. సాయంత్రానికి కొట్టం నిండా ఇనుము, మధ్యలో నూనె చేతులతో ఆయన. "ఏది యాడిదో మర్చిపోయినా మే," అన్నాడు, చిన్నపిల్లాడిలా. నేను నాలుగు తిట్టి, మిగిలినవి విప్పేటప్పుడు పక్కనే కూర్చున్నాను. పాత చీర పేలికల్లో విప్పిన వరసలోనే మూటలు కట్టాను. మొదటి మూటకు ఒక ముడి, రెండోదానికి రెండు. (రాయడం కంటే ముడి వేయడం నాకు బాగా వచ్చు.) ముళ్లు పది దాటాక పేలిక చాలక పసుపు బొట్లు పెట్టాను. ఆ మూటలన్నీ వంటింటి దూలానికి వేలాడదీశాం. కందిపప్పు మూట పక్కన పిస్టను, చింతపండు పక్కన గొలుసు. పక్కింటామె వచ్చి చూసి, "ఏందీ, ఇంట్లో చేతబడి చేస్తాండారా?" అని గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. ఆ తర్వాత రెండు నెలలు అప్పడగడానికి రాలేదు. ఆ బండి వల్ల నాకు కలిగిన మొదటి లాభం అది.

వాల్వులను ఆయన నల్లరాతి పొడి ఆముదంలో కలిపి, అరచేతుల మధ్య తిప్పి తిప్పి అరగదీశాడు. దేవుళ్ల చెంపలకు నునుపు తెచ్చిన చేతులవి, వాల్వులు అద్దాల్లా అయ్యాయి. సిలిండరు లేత్ మీద సాపు చేయించడానికి, మెడ దగ్గర విరిగిన చట్రం అతికించడానికి నంద్యాల పోవలసి వచ్చింది. చట్రాన్ని బస్సు మీదికి ఎక్కిస్తుంటే కండక్టరు అడిగాడట, "ఎముకల గూడు యాడికి తీస్కపోతాండావప్పా?" "నంద్యాల ఆసుపత్రికన్నా," అన్నాడట ఈయన.

ఇక నా ఘనకార్యం. కొట్టంలో పెట్రోలు ట్యాంకు ఒక్కటే ఖాళీగా, మూతతో సహా రేకుల వేడికి కూర్చుని ఉంది. అంత మంచి పాత్ర ఊరికే ఉండడం నాకు సహించలేదు. కార్డు మీద వచ్చిన కిరసనాయిలు మిగిలితే, ఎవరి కంటా పడకుండా దాన్నిండా పోసి మూత పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. మూడో రోజు అత్త గడపకు ఆనుకుని కూర్చుని, "మూన్నాళ్లాయ. నేనేమన్నా అన్నానా మే వాన్ని?" అని అడిగింది. ముఖం మజ్జిగలా పాలిపోయింది. నేను ఆకాశం చూశాను. మబ్బు తునక లేదు. అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఖాళీ ట్యాంకు ఎండకు ఉబ్బి డుబుక్కుమనేది, లోపలి వేడి గాలి మూతకున్న సన్న బెజ్జంలోంచి ఉస్సుమనేది. నేను కిరసనాయిలు పోసి పెద్దబావ నోరు మూసేశాను.

అత్త పడుకోగానే పోయి అంతా వంచేశాను. కిరసనాయిలు ఎర్రగా, తుప్పు పెళ్లలతో వచ్చింది. మా ఆయన చూసి, "తుప్పంతా కడిగినావే! ఇంత తెలివి యాడ నేర్చినావ్?" అన్నాడు. నేను కాదనలేదు. మర్నాడు మధ్యాహ్నం డుబుక్, ఉస్స్. అత్త రెండుసార్లు మారు వడ్డించుకుంది. నాకు లోపల ఒకటే గర్వం. చూశారా, దయ్యమూ లేదు గియ్యమూ లేదు, రేకూ ఎండా, అంతే.

అయితే తుప్పు పోయేసరికి ట్యాంకు అడుగున చిల్లి బయటపడింది. అతికించాలని ఆయన దాన్ని సంచిలో వేసుకుని పొద్దున్నే నంద్యాల బస్సెక్కాడు. బస్సు కదిలిపోయాక గాని నాకు గుర్తు రాలేదు. ఇవాళ మధ్యాహ్నం ఎట్లా? ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. ఖాళీ డబ్బాను గరిటెతో ఒక్క దెబ్బ కొట్టి, నోటితో ఉస్సుమంటే సరి. అత్తకు చెవులు కాస్త మందం, తేడా తెలియదు. వేళ కాగానే పిల్లిలా కొట్టంలోకి పోయాను. రేకుల కింద కుంపటిలా ఉంది. ట్యాంకు లేదు, ఇంజను లేదు, చక్రాలు లేవు. చట్రం ఒక్కటి రెండు రాతి దిమ్మెల మీద, ముఖంలో నల్ల బొక్కతో నిలబడి ఉంది. బయట కాకి కూడా అరవడం లేదు. గరిటె ఎత్తాను.

'డుబుక్.'

నేను కొట్టలేదు. గరిటె ఇంకా గాల్లోనే ఉంది.

'ఉస్స్…' నా ఎడమ భుజం పక్కనుంచి, వెచ్చగా.

లోపల్నుంచి అత్త గొంతు, నిదానంగా: "వచ్చినాడు. అన్నం పెట్టు మే."

నేను ఎప్పుడు పరిగెత్తానో నాకు తెలియదు. వంటింట్లో చూసుకుంటే గరిటె ఉంది, డబ్బా లేదు. అత్త నా ముఖం చూసి, "ఏందీ, అట్ల చెమట్లు పోస్తాండాయి?" అంది. "ఎండత్తా," అన్నాను. సాయంత్రం మా ఆయనకు చెబితే విరగబడి నవ్వాడు. "పైన రేకు ఉబ్బింటాదిలే మే." కావచ్చు. రేకు డుబుక్కుమనవచ్చు. రేకు నిట్టూరుస్తుందా అని అడిగితే ఆయన నవ్వు ఆపి బీడీ వెలిగించుకున్నాడు.

ఆయుధపూజ రానే వచ్చింది. మూటలు ఒక్కొక్కటే, చివరి ముడి నుంచి మొదటి ముడి దాకా విప్పి బిగించాడు. ఉలులూ సుత్తులూ కడిగి వరసగా పెట్టి, వాటి చివర బండిని నిలబెట్టారు. దీపం బిగించారు కానీ దాని మీద మామ గుడ్డ కప్పి ఉంచాడు. పాతినుము కొనేవాడికి కూడా మామ కబురు పెట్టాడు. అతను తక్కెడతో సహా వచ్చి, అరుగు మీద ప్రసాదం కోసం కూర్చున్నాడు. మా ఆయన తొక్కాడు. ఇరవై సార్లు, నలభై సార్లు. బండి దగ్గనైనా దగ్గలేదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. మామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పాతినుమువాడు లేచి తక్కెడ గొలుసులు సర్దుకున్నాడు.

అప్పుడు అత్త బయటికి వచ్చింది. పెద్దకొడుకు పోయాక ఆమె వాకిట్లోకి రావడం అదే మొదలు.

"ఇంజను పక్కన చిన్న బుడిపె ఉండాది సూడు. పెట్రోలు కారేదాకా అదుము. ఊరికే రెండుతూర్లు మెల్లగ తొక్కు. ఆమైన గట్టిగ."

"నీకెట్ల తెలుసు మా?"

"నా కండ్ల ముందరే గదరా దినామూ బయలుదేరేది వాడు."

అదిమాడు. మెల్లగా రెండుసార్లు తొక్కాడు. మూడోసారికి బండి ఒక్కసారి దగ్గి, తుమ్మి, పలికింది. వాకిలంతా నీలి పొగ. మామ అందరినీ ఎదుటినుంచి తప్పించి, అద్దం పట్టుకుని, దీపం మీది గుడ్డ లాగాడు. అద్దంలో పచ్చటి వెలుగు కదిలింది. పాతినుమువాడు తక్కెడ కింద పెట్టి చెంపలు వేసుకున్నాడు.

"ఎక్కు మా, శిరివెళ్ల దాకా పోయొద్దాం," అన్నాడు మా ఆయన. అత్త కొంగు బిగించి ఎక్కింది. కానీ సీటు చివరంటా జరిగి, కొడుక్కీ తనకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది.

"పడతావు మా, ముందరికి జరుగు."

"ఆడ జాగా యాడుందిరా?" అంది అత్త, అదేం ప్రశ్న అన్నట్టు. "నువ్వు పోనీ."

బండి కదిలి మలుపు తిరిగింది. మామ అద్దం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక. నేను మాత్రం ఏడవలేదు. ఆ పొగలో నిలబడి, దయ్యాలను నమ్మని, మూడో తరగతి చదివిన ఆ ఇరవై ఏళ్ల పిల్ల లోపల చేస్తున్న లెక్క ఏమిటో తెలుసా? శిరివెళ్లకు పోయి రావడానికి, ముగ్గురెక్కితే, ఎంత పెట్రోలు ఖర్చవుతుందా అని. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. లెక్క తప్పిందని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు.