టైము రాయని డబ్బా

ఐసీయూలో మార్కర్ మూత తీసినప్పుడల్లా, ఆ ఘాటు వాసనకు నాకు రత్నకుమారి గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో నేను డాక్టరుగా మొదట చేరిన ఆసుపత్రిలో ల్యాబు ఇన్‌చార్జి ఆవిడ. పాలకొల్లు మనిషి. పట్టిన టైమూ, అప్పటికే ఇచ్చిన మందులూ డబ్బా మీద రాయకపోతే మూత్రం శాంపిల్‌ను ముట్టుకునేవారు కాదు. "పెళ్లి టైము లేని శుభలేఖ పంచుతారాండి ఎవరైనా?" అనేవారు. మూత్రానికీ ముహూర్తమా అని చాటుగా నవ్వుకునేవాణ్ణి. అప్పటికి నాకు డిగ్రీ వచ్చింది, తెలివి ఇంకా దారిలో ఉంది.

ఒక ఎండాకాలం సూరిబాబు అనే వ్యవసాయ కూలీని తెచ్చారు. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. బీపీ పడిపోయింది, మూత్రం దాదాపు ఆగిపోయింది. సెలైన్ పెట్టినవాణ్ణి ఊరుకోకుండా, కంగారులో మూత్రం వచ్చే ఇంజెక్షన్ కూడా ఇచ్చేశాను. ఆ తరువాత వచ్చిన కాస్త మూత్రాన్నీ, రత్నకుమారి గారు భోజనానికి వెళ్లిన సమయం చూసి, టైము రాయకుండానే ల్యాబుకు పంపాను. అందులో సోడియం, అంటే ఉప్పు, ఎక్కువగా వచ్చింది. ఉప్పును ఆపలేకపోతున్నాయంటే కిడ్నీలు దెబ్బతిన్నాయని తేల్చేసి, ఆయన భార్య మంగమ్మతో డయాలిసిస్ అన్నాను.

"ఆ మిషనెక్కితే మళ్లీ దిగరంట కదా బాబూ?" అందామె.

కాసేపటికి రత్నకుమారి గారు రెండంతస్తులు ఎక్కి, రొప్పుతూ వచ్చారు. చేతిలో నా డబ్బా.

"డాక్టరు గారూ, ఇది ఇంజెక్షన్‌కి ముందు పట్టిందాండి, తర్వాతా?"

"తర్వాతేనండి."

"అయితే ఈ ఉప్పుని మందే తోసేసుంటుందండి. కిడ్నీ మాట మనమింకా వినలేదు."

ఉదయం చేర్చుకోగానే, ఇంజెక్షన్‌కు ముందే, మామూలు పరీక్షకు పంపిన మూత్రంలో మిగిలినది ఆవిడ ఫ్రిజ్‌లో ఉంచారు. అందులో చూస్తే సోడియం చాలా తక్కువ!

"కాలవలో నీళ్లు తగ్గితే లాకుల తలుపులు దించేస్తారు కదండీ? ఈయన కిడ్నీ కూడా ఉన్న ఉప్పూ నీళ్లూ పోనివ్వకుండా దాచుకుంటోంది. ఇంకా పని చేస్తున్నట్టేనండి. అంకె నేను చెప్తాను, మనిషిని మీరు చూడాలి."

మా పెద్ద డాక్టరు గారు వచ్చి, ఒక్క అంకెతో దేన్నీ తేల్చకూడదంటూనే మనిషినంతా పరీక్షించారు. డయాలిసిస్ ఇప్పుడే వద్దని, సెలైన్ పెంచి, గంటగంటకూ చూడమన్నారు. మర్నాటి ఉదయానికి మంచం పక్కనున్న మూత్రం సంచి సగం నిండింది. శివారు చేలోకి కాలవ నీరొచ్చినట్టు మంగమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. నేను పరుగున ల్యాబుకు వెళ్లి చెప్పాను.

"చాలా సంతోషమండి. టైము రాశారా?" అన్నారు ఆవిడ.

ఇప్పుడు ఆవిడ రిటైరయ్యారు. నా చొక్కా జేబులన్నిటికీ మార్కర్ మరకలు. మా ఆవిడ వాటిని నా పై చదువులంటుంది. నిన్న మా కొత్త డాక్టరమ్మ ఇంజెక్షన్ చేత్తో పట్టుకుని ఒక రోగి మంచం దగ్గర ఆగిపోయింది.

"సార్, ముందు శాంపిల్ పట్టమంటారా?"

నేను మార్కర్ మూత తీసి అందించాను.