తేదీ మరిచిన డబ్బా

పూర్ణిమతో పని చేయడమంటే గోడకు తల కొట్టుకోవడమే. ఆరేళ్ళుగా కొట్టుకుంటున్నాను కాబట్టి చెబుతున్నాను. నంద్యాలలో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో మా పని. బీపీ కొలిచే చిన్న డబ్బాలకు వైర్లు అతికించేది నేను, వాటిలో నడిచే ప్రోగ్రామును సి భాషలో రాసేది ఆమె. పల్లెల్లో గర్భిణులు ఇంట్లోనే బీపీ చూసుకుంటే, ఆ అంకెలు నెట్ మీద ఇక్కడి ఆసుపత్రిలో డాక్టర్ ఫ్రాన్సిస్ గారికి చేరతాయి.

"అంకెలే కదా, ఊరికే పంపితే పోలేదా?" అన్నాను మొదట్లో. ఒప్పుకుంటే ఆమె పూర్ణిమ ఎందుకవుతుంది? ఎన్‌క్రిప్షన్ లేకుండా, అంటే దారిలో ఎవరూ చదవలేని గూఢలిపిలోకి మార్చకుండా, ఒక్క అంకె కూడా బయటికి పోకూడదంది. ముందుగా అంకెలు అందుకునే మా సర్వర్, తానెవరో రుజువు చేసే సర్టిఫికెట్ చూపాలి. డబ్బా అది చెల్లే తేదీలతో సహా దాన్ని సరిచూసుకుని, నమ్మకం కుదిరితేనే నోరు విప్పాలి.

ఆ పట్టుదల ఎక్కడిదో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ కింద ఆమెకు మూడో నెలలోనే గర్భం పోయింది. ల్యాబ్ కాగితం ఎవరి కంటనో పడి, ఆమె తల్లికి చెప్పుకోకముందే వీధి వీధంతా పరామర్శకు వచ్చేసింది. "ఏడ్చేదానికి కూడా నాకు చోటు లేకపాయ మహేశా" అంది ఒకసారి.

పోయిన శ్రావణంలో ఆళ్లగడ్డ డబ్బా మూగబోయింది. అది వర్షిణి డబ్బా. బీపీ వల్లే రెండుసార్లు బిడ్డను పోగొట్టుకున్న పిల్ల. ఈసారి ఆరో నెల వచ్చినా, దిష్టి తగులుతుందని ఇంట్లోవాళ్ళు సంగతి బయటికి పొక్కనీయలేదు. సర్వర్‌లో చూస్తే, డబ్బా రెండు రోజులుగా వస్తోంది, సర్టిఫికెట్ చూస్తోంది, నమ్మకుండా వెళ్ళిపోతోంది.

"ఆ సరిచూసే లైను తీసెయ్ అని ఎన్నిసార్లు చెప్పినా! నీ మొండితనానికి ఆ పిల్లకేమన్నా అయితే?" అని నోరు జారాను. పూర్ణిమ ముఖం పాలిపోయింది. ఫోను చేస్తే వర్షిణి ఎత్తలేదు. లాప్‌టాప్ సంచిలో వేసుకుని ఉదయం బస్సే ఎక్కాం.

వర్షిణి మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. "నిన్నట్నుంచి ఒకటే తలనొప్పక్కా. డబ్బా నొక్కినా గదా, సారు చూస్తాంటాడులే అనుకున్యా." డబ్బాతోనే మళ్ళీ చూస్తే బీపీ నూట అరవై దాటింది. పూర్ణిమ వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. బయల్దేరి వచ్చేయమని, ఈలోగా రెండు రోజుల అంకెలు పంపమని ఆయన అన్నారు.

డబ్బాకు లాప్‌టాప్ తగిలించి చూస్తే, దాని లెక్కలో అది 1970. చాలాసేపు కరెంటు అందకపోతే దాని గడియారం మొదటికి, ఆ ఏడాదికే పోతుంది. మా సర్టిఫికెట్ పుట్టడానికి ఇంకా యాభై ఏళ్ళుంది. ఇక ఎలా నమ్ముతుంది?

"అమ్మా, దీని ప్లగ్గు పీకినారా?" అని అడిగింది పూర్ణిమ.

వర్షిణి అత్త వెంకటరమణమ్మ చేతులు నలుపుకుంది. "మొన్న మా ఆడబిడ్డోళ్లు వచ్చిరి. ఇదేందీ అంటే ఏం చెప్పల్ల? పీకి ట్రంకుపెట్టెలో దాపెట్టినా. వాళ్లు పోయినంక మళ్లా పెట్టినా. తప్పు చేసినానా బిడ్డా?"

ఒక స్క్రూ వదులైతే నా ప్రాణం తీసే మనిషి, ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. "లేదమ్మా. నేను ప్రోగ్రాం రాసింది కూడా దాపెట్టేదానికే. నువ్వు డబ్బానే దాపెడతావని నాకు తోచలేదు, తప్పు నాదే."

తేదీ సరిచేసింది. డబ్బా సర్టిఫికెట్ చూసుకుంది, నమ్మింది, దాచుకున్న అంకెలన్నీ పంపింది. వర్షిణిని తీసుకుని మేము అద్దె కారులో నంద్యాల చేరేసరికి ఆసుపత్రిలో మంచం సిద్ధంగా ఉంది.

అప్పటినుంచి ప్రతి డబ్బాలో చేతిగడియారం బ్యాటరీ ఒకటి పెడుతున్నాను. ప్లగ్గు పీకినా తేదీ మరవదు. ఆ లైను తీసెయ్యమని మళ్ళీ అనలేదు.

కార్తీకంలో ఒక ఉదయం వర్షిణి ఫోను చేసింది. "అక్కా, ఆడపిల్ల. ఇద్దరమూ బాగుండాం. ఇంగ దాపెట్టేదేం లేదు, అందరికీ చెప్పక్కా."

పూర్ణిమ మెట్లు దిగి పరుగెత్తింది. జిరాక్స్ షాపతనికి చెప్పింది, టీ కొట్టులో చెప్పింది, ఆటో కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియని ముసలాయనకూ చెప్పింది. "ఎవురి బిడ్డమ్మా?" అని ఆయన అడిగేసరికి నడివీధిలో అందరూ చూస్తుండగానే ఏడ్చేసింది.