పాస్టర్ గారి ఖీమా కూర

ఈ రోజు ఆళ్లగడ్డలో మా ఇంటికి పాస్టర్ గారు భోజనానికి వచ్చారు. ఆయన కోసం అమ్మ వండిన ఖీమా కూర మా కుక్క రాజు తినేశాడు.

నంద్యాలలో మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వాడు వెనక కాలు నేలకు ఆనించడం లేదు. వాపుకిచ్చిన స్టెరాయిడ్ మాత్రలతో ఆకలి మాత్రం విపరీతంగా పెరిగింది. కూరగిన్నె ఉన్నదేమో వంటగట్టు మీద. వెనక కాళ్ల మీద లేచి నిలబడితే తప్ప అందదు.

అమ్మ చీపురెత్తగానే వాడు పరుగందుకున్నాడు. చీపురు అట్లాగే పట్టుకుని అమ్మ కేకేసింది.

"అయ్యగారూ, సూడండి! కాలు మోపి పరిగెత్తుతాండాడు!"

పాస్టర్ గారు చారన్నం కలుపుకుంటూ, "కాలికి ప్రార్థన చేయమంటిరి, చేస్తి. కాలొచ్చింది వానికి, కూర పోయింది నాకు" అన్నారు.

ఈ ఘనత డాక్టరుదా, మాత్రదా, ప్రార్థనదా అని ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. నా ఓటు ఖీమాకే. మీ ఓటెవరికి?