రెండు వాగుల నడుమ ఆపిన ఇంజన్

నా చిన్నప్పుడు తాండూరులో బస్సు కన్నా ముందు దాని చప్పుడు వచ్చేది. అంతకుముందు పెట్రోలుతో నడిచిన బస్సులకు ఒక్కొక్కదానికీ డీజిలు ఇంజన్లు బిగిస్తున్న రోజులవి. డీజిలు చవకనీ, అంతే నూనెతో ఎక్కువ దూరం పోవచ్చనీ పెద్దవాళ్లు చెప్పుకునేవారు. నాకు మాత్రం ఆ చప్పుడంటే ఇష్టం. ఇంజన్ మోగుతుంటే మనం ఎక్కడికో పోతున్నట్టే లెక్క. అసలు నాకు చిన్నప్పటి నుంచీ ఆగడమంటే గిట్టదు. అన్నం ఉడికేదాకా కూడా ఆగలేనిదాన్నని మా అమ్మ నన్ను ఆటపట్టించేది.

ఆ వానాకాలంలో మా అమ్మకు నెలలు నిండకముందే కడుపు పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో. పెద్దవాళ్లు నాకేమీ చెప్పలేదు గానీ, మంత్రసాని నెత్తురుతో తడిసిన గుడ్డలు చాటుగా బయటికి తీసుకుపోవడం చూశాను. నెత్తురు ఆగలేదు. తెల్లవారేసరికి అమ్మ పెదవులు పాలిపోయాయి. ఇక నా చేతిలో లేదు, వికారాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పేసింది. పొద్దటి రైలు అప్పటికే వెళ్లిపోయింది. బండల గనిలో పనిచేసే మా నాయన అమ్మను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి బస్సులో వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టాడు. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండనని ఏడ్చి గోల చేస్తే నన్నూ ఎక్కించుకున్నారు.

మా డ్రైవర్ సాబు నడివయసు మనిషి. గడ్డం సగం నెరిసింది, మాట తక్కువ. బ్యాటరీ పాడైందని, దారిలో ఎక్కడా ఇంజన్ ఆపకుండా నడుపుకుపోవాలని కండక్టరుతో అంటుంటే విన్నాను. మొదటి వాగు దగ్గరే ముందొక ఎడ్లబండి బురదలో దిగబడి దారి మూసేసింది. దాన్ని జనం పట్టి లేపేదాకా మా బస్సు ఇంజన్ మోగుతూనే నిలబడింది. చాలాసేపే పట్టింది. తర్వాత వాగు దాటాం. వాన పెద్దదైంది. ఇంకొంత దూరం పోయేసరికి రెండో వాగు, రోడ్డు మీదుగా ఎర్రగా పొర్లుతూ కనిపించింది. వెనక్కి మళ్లుదామంటే మొదటి వాగూ పొంగిందని అటు నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషి చెప్పాడు. ముందుకు లేదు, వెనక్కి లేదు. చుట్టూ కంది చేలు, మీద వాన.

డ్రైవర్ సాబు దిగి, డీజిలు ట్యాంకు మూత తీసి, అందులో ఒక సన్నటి పుల్ల ముంచి పైకి తీశాడు. పుల్ల మీది తడి వంక కాసేపు చూశాడు. మళ్లీ ఎక్కి బస్సును మెల్లగా వెనక్కి నడిపి, వాగు వైపు వాలుగా దిగే ఉతారు పైకి తెచ్చి నిలబెట్టాడు. కండక్టరు టైర్ల కింద బండరాళ్లు పెట్టాడు. అప్పుడు సాబు ఏదో మీట లాగాడు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.  ఇంతసేపూ మోగిన చప్పుడే మా అమ్మను దవాఖాన వైపు లాక్కుపోతోందని నా నమ్మకం. అది ఆగితే అమ్మ కూడా అయిపోయినట్టే అనిపించింది. మా నాయన సీట్లోంచి లేచి ముందుకు పరుగెత్తాడు.

"సాబ్, బంద్ జేస్తిరేంది? బ్యాటరీ లేదంటిరి గదా. మళ్ల లేవకపోతే నా ఇంటిదాని గతేంది?"

సాబు ఆ పుల్ల మా నాయనకు చూపించాడు. తడి వేలెడు కూడా లేదు. "గిదే మనకున్న తోవ భాయ్. వాగు దిగేదాక ఇంజన్ నడిపిచ్చుకుంట కూసుంటే గీడనే తాగేస్తది. అవుతల అనంతగిరి గుట్ట ఎక్కాలె. ఎక్కుడుల డీజిలు అయిపోయిందంటే పైపులల్ల గాలి సొరవడ్తది, ఇగ మళ్ల ఎంత పోసినా లేవదు. ఉతారు ఉన్నది. దొర్లిచ్చి లేపుత. నా మీద ఇడువు."

మా నాయన తిరిగి అమ్మ దగ్గరికి పోయాడు. ఎవరో పెద్దమనిషి హ్యాండిల్ పెట్టి తిప్పితే లేవదా అని అడిగాడు. పెట్రోలు బండి అయితే లేచేదే, డీజిలు ఇంజన్ బిగువు మనిషి చేతికి లొంగదని కండక్టరు విసుక్కున్నాడు. ఇక అందరూ ఎవరికి తోచింది వాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

ఆ బస్సుకు అద్దాలు లేవు. వాన కొట్టకుండా కిటికీలకు తార్పాలిన్ పరదాలు దించారు. లోపల మసక చీకటి. తడిసిన బట్టలు, బీడీ, డీజిలు, ఎవరి మూటలోంచో ఉల్లిగడ్డ వాసన, అన్నీ కలిసి గొంతుకు అడ్డం పడ్డాయి. పైన రేకు మీద వాన. గంప కింద చిక్కిన ఎలుక ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. అస్తమానం ఒక పరదా అంచు ఎత్తి వాగును చూసేదాన్ని. నీళ్లలో నడుము దాకా మునిగిన ఒక తుమ్మచెట్టు ఉంది. ఎన్నిసార్లు చూసినా అంతే మునిగి ఉంది. దానిమీద కూడా నాకు కోపం వచ్చింది.

మర్పల్లిలో ఉన్న బిడ్డ దగ్గరికి పోతున్న ఒక అవ్వ మా పక్కన కూర్చుంది. గొర్లు కాసే ఇంటి మనిషి. తను చలికి ముడుచుకుంటూనే ఒంటి మీది గొంగడి తీసి మా అమ్మకు కప్పింది. అదే సమయానికి డ్రైవర్ సాబు తన ఖాకీ కోటు విప్పి లేచాడు. అమ్మకే అనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం దిగి బస్సు ముందుకు పోయి బానెట్టు మీద రెండు గోనె సంచులు పరిచి, వాటి మీద ఆ కోటు కప్పి, ఎగిరిపోకుండా తాడు కట్టాడు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ వణుకుతుంటే ఇనుముకు దుప్పటి కప్పుతాడా! దిగి పరుగెత్తి ఆ కోటు లాగబోయాను. ఆయన నన్ను కసరలేదు. నా చెయ్యి పట్టి గోనె సంచి కింద పెట్టించాడు. ఇనుము వెచ్చగా ఉంది.

"గిది సల్లబడితే మొండికేస్తది బిడ్డా. మీ అమ్మ కోసమే కప్పిన" అన్నాడు. వాన ఆయన చొక్కా మీద కురుస్తూనే ఉంది. నేను తిరిగొచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. నమ్మానని చెప్పలేను. ఏం చెయ్యాలో తోచక కూర్చున్నానంతే. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. పిలిచినా పలకలేదు. అవ్వ మాటిమాటికీ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి నా వైపు తలూపేది. ఆ తల ఊపు కోసమే నేను ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూసేదాన్ని.

మధ్యాహ్నం దాటాక వాన సన్నబడింది. తుమ్మచెట్టు మొదలు కనబడింది. కండక్టరు వాగులో దిగి నడిచి చూసి, నీళ్లు మోకాలి కిందికి వచ్చాయని చెయ్యి ఊపాడు. డ్రైవర్ సాబు అందరినీ దిగమన్నాడు. దొర్లించినప్పుడు ఇంజన్ అందుకోకపోతే బస్సు వాగులోకి పోతుంది, ఈ పాత బ్రేకుల మీద నాకు భరోసా లేదని ఉన్నమాట చెప్పేశాడు. అందరూ గబగబా దిగారు. మా నాయన అమ్మను ఎత్తబోతే అవ్వ అడ్డుపడింది. కదిలిస్తే మళ్లీ నెత్తురు పోతుందంది. అమ్మ కళ్లు తెరిచి, "నేన్ దిగ. దాన్ని దించుండ్రి" అంది. దాన్ని అంటే నన్ను. నాయన అమ్మ పక్కనే ఉండిపోయాడు. అవ్వ నన్ను చంకనేసుకుని దించి, రోడ్డు పక్కన రెండు చేతులతో వాటేసి పట్టుకుంది. ఆమె చేతులు కొరికాను కూడా. వదల్లేదు.

సంచులు, కోటు తీసేశారు. టైర్ల కింద రాళ్లు లాగేశారు. మగవాళ్లంతా వెనక నుంచి నెట్టారు. బస్సు కదిలింది. చప్పుడు లేకుండా కదిలే బస్సును నేను అదే మొదటిసారి చూడటం. మా అమ్మా నాయనా ఇద్దరూ అందులో ఉన్నారు, అది వాగులోకి పోతోంది. ఒకసారి గట్టిగా కుదిపింది, ఇంజన్ పలకలేదు. ఇంకా కిందికి పోయింది. మళ్లీ కుదిపింది. ముందు చక్రాలు నీళ్లు తాకుతుండగా నల్లటి పొగ ఒక్కసారి గుప్పున లేచింది. ఆ వెనకే చప్పుడు. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. అవ్వ నన్ను వదిలి, తనూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంజన్ ఆపకుండానే సాబు మమ్మల్నందరినీ ఎక్కించుకున్నాడు. వాగు దాటాం. అనంతగిరి ఎక్కుడులో అందరూ ట్యాంకులో ఎంత మిగిలిందో అనుకుంటూ బిగుసుకు కూర్చున్నారు. పొద్దు గూకకముందే దవాఖాన గేటు ముందు ఆగాం. బస్సుస్టాండుకు పోకుండా నేరుగా అక్కడికే తెచ్చాడాయన. మా నాయన చేతులు జోడిస్తే, ముందు లోపలికి పో అన్నట్టు చెయ్యి చూపించాడు. అంతే, మళ్లీ ఆయన్ను చూడలేదు.

మా అమ్మ బతికింది. ఆ తర్వాత నాకు ఒక తమ్ముణ్ని కూడా కనిచ్చింది. నాకు పెళ్లయి, నా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఒక రోజు ఆ బస్సు సంగతి ఎత్తాను. ఇంజన్ ఆపినప్పుడు నువ్వు ఎంత భయపడి ఉంటావో అన్నాను. అమ్మ వింతగా చూసింది. "భయమా? ఆ బండి అదురుతున్నంతసేపు నా లోపలిదంతా జారిపోతున్నట్టే ఉండెనే. ఆయన బంద్ జేసినంక కదా నా పానం జర నిమ్మళమైంది. అప్పుడే కన్నంటింది" అంది.

ఆ పూటంతా నేను పరదా పక్కన కూర్చుని, అమ్మ పోతోందని వణికిపోయాను. ఆమె నిద్రపోయింది. కుదుపు లేకుండా పడుకున్న ఆ కాసేపట్లోనే నెత్తురు తగ్గిందట. డ్రైవర్ సాబుకు ఈ సంగతి తెలిసే ఆపాడా, డీజిలు కోసమే ఆపాడా అని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆయన చెప్పింది డీజిలు మాటే. నాకు చెప్పగలిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

ఆగడం తెలియని నా స్వభావం పూర్తిగా మారిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ అన్నం గిన్నె మూత నాలుగుసార్లు తీసి చూస్తాను. కానీ ఇంట్లో ఎవరైనా మంచాన పడి, చేయగలిగిందంతా చేశాక కూడా పదిమంది చుట్టూ చేరి ఏదో ఒకటి చెయ్యమని తొందరపెడుతుంటే, నేను వాళ్లను బయటికి పంపి తలుపు దగ్గరగా వేస్తాను. మంచం పక్కన చప్పుడు చేయకుండా కూర్చుంటాను. చూసినవాళ్లు నాది రాతిగుండె అనుకుంటారు. లోపల మాత్రం, ఇది మళ్లీ లేస్తుందా లేదా అని నా గుండె ఆ రోజు కొట్టుకున్నట్టే కొట్టుకుంటూ ఉంటుంది. అయినా కదలను.